పాపన్నకొట్టాల రాతి మబ్బు

నంద్యాల జిల్లా ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన ప్రాథమిక పాఠశాలల్లో చదివే పిల్లలకు జలచక్రం రాదని పోయిన జూలైలో రుజువైంది. ఈ సంగతి కనిపెట్టిన వారు జలచక్ర అవగాహన సాధన సమితి వారు. ఈ సమితిలో రిటైరైన పెద్దలు, ఎప్పుడో రిటైరు కావలసిన పెద్దలు, ఎవరు పిలిచారో తమకే తెలియకుండా వచ్చి కూర్చున్న పెద్దలు ఉన్నారు. వారందరూ నంద్యాలలో ఒక ఏసీ హాల్లో సమావేశమై, తలా ఒక నీళ్ల సీసా ముందు పెట్టుకుని, రెండేసి గుక్కలు తాగి, మిగిలిన నీళ్లు అక్కడే వదిలేసి, నీటి విలువ తెలియని తరం తయారవుతోందని ఏకగ్రీవంగా ఆవేదన చెందారు.

ఆవేదనకు ఆధారం కావాలి కాబట్టి ఒక పరీక్ష పెట్టారు. అందులో అన్నిటికంటే అడుగున నిలిచినది పాపన్నకొట్టాల బడి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారిలో, ఆళ్లగడ్డ ఇంకాస్త దూరం ఉందనగా, రోడ్డు పక్కనే ఉంటుంది. 'ఆకాశం నుండి కురిసిన నీరు చివరకు ఎక్కడికి చేరును?' అనే ప్రశ్నకు నాలుగో తరగతి చదివే అక్షయ 'రామేశ్వరమ్మవ్వ బిందెలోకి' అని రాసింది. రామేశ్వరమ్మ అంటే బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. వాన పడితే చాలు, పొయ్యి మీది ఎసరు కూడా మరిచిపోయి, బడి కప్పు మీది నీళ్లు కారే చోట బిందె పెడుతుంది. అక్షయ తెలివిగల పిల్ల గనుక మిగతా పిల్లలందరూ ఆమె పేపరు చూసే రాశారు. బడి మొత్తానికి సున్నా వచ్చింది. శాస్త్రీయ దృక్పథం లోపించినదని పక్కన ఎర్ర సిరాతో వ్యాఖ్య కూడా రాశారు.

బడి హెడ్మాస్టరు సలోమి టీచరును సమితి ముందుకు పిలిచి సంజాయిషీ అడిగారు. ఆమె సంజాయిషీ చెప్పకుండా చేతిపంపు సంగతి ఎత్తుకున్నారు. బడి ఆవరణలో ఉన్నది ఒక్కటే చేతిపంపు. దాన్ని కొట్టీ కొట్టీ పిల్లల భుజాలు పడిపోతే గానీ చెంబుడు నీళ్లు రావు. నీళ్లు లోతుకు పోయాయి, ఇంకో రెండు పైపులు దించితే చాలు అని ఆమె ఈ బడికి వచ్చినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. మరుగుదొడ్డి ఉంది గానీ అందులో పోసేందుకు నీళ్లు లేవు. అందుకని ఆడపిల్లలు బడికి వచ్చే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేశారు. తాగకపోతే వెళ్లే పని ఉండదు కదా. అక్షయకు నడుము కింద పోటు పట్టుకుంటే వాళ్ల నాయన పౌలు కూలి మానుకుని ఆళ్లగడ్డలో డాక్టరుకు చూపించాడు. డాక్టరు గారు చీటీ మీద మందులు రాసి, కింద 'నీళ్లు బాగా తాగవలెను' అని గీత గీసి మరీ రాశారు.

"ఆ పాపకు మళ్లీ నొప్పి రాకుండా చూడండి సార్, జలచక్రం నేను నేర్పిస్తా" అన్నారు సలోమి టీచరు.

దానికి మండల విద్యాధికారి జయంత్ గారు చిరునవ్వు నవ్వారు. "మేడమ్, మీరు నీళ్ల గురించి ఆలోచిస్తున్నారు. మేము జలచక్రం గురించి ఆలోచిస్తున్నాం. ఈ రెండింటినీ కలపకండి. పంపు మన శాఖ కిందికి రాదు. జలచక్రం వస్తుంది." ఈ మాటలను సమితి మినిట్స్‌లో యథాతథంగా చేర్చుకుంది.

కళ్లతో చూడనిది పిల్లలకు బుర్రకెక్కదని, కాబట్టి ఒక నమూనా చేయించాలని ఆ రోజే తీర్మానం అయింది. అట్టతో చేస్తే చెదలు పడుతుంది. ప్లాస్టిక్‌తో చేస్తే పర్యావరణం ఒప్పుకోదు. నీళ్లతో చేస్తే ఆవిరైపోతాయి. ఆళ్లగడ్డ శిల్పులు మన పక్కనే ఉండగా రాతితో చేయిస్తే తరతరాలు ఉంటుంది, మన కళనూ ప్రోత్సహించినట్టవుతుంది అని ఎవరో అనగానే హాలంతా చప్పట్లతో మోగింది. ఏ బడిలో పెట్టాలన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. పాపన్నకొట్టాల బడికి సున్నా వచ్చింది, పైగా రోడ్డు పక్కన ఉంది. కారు దిగకుండానే తనిఖీ చేయవచ్చు.

ఖర్చు భరించడానికి ఆళ్లగడ్డలో సిమెంటు, ఇనుము వ్యాపారం చేసే సత్యనారాయణ శెట్టి గారు ముందుకొచ్చారు. విద్య అంటే ఆయనకు ఎంతో గౌరవం. ఒకటే చిన్న కోరిక కోరారు. నమూనాలో సూర్యుడు ఉంటాడు కదా, ఆ సూర్యుడికి స్వర్గస్థులైన తమ తండ్రి గారి ముఖం పెట్టించాలన్నారు. సమితి పరిశీలించి, సూర్యుడికి ఫలానా ముఖమే ఉండాలని పాఠ్యపుస్తకంలో ఎక్కడా లేదు కాబట్టి అభ్యంతరం లేదని తేల్చింది. అందువల్ల మన జిల్లాలో సూర్యుడికి మీసాలు, కళ్లద్దాలు ఉన్నాయి.

పని శిల్పి వీరాచారి చేతికి వచ్చింది. వీరాచారి చేతిలో పడిన రాయి దేవుడో నాయకుడో కాకుండా బయటికి రావడం అంతవరకు జరగలేదు. మబ్బు కావాలంటే ఆయన ఆలోచనలో పడ్డాడు.

"మబ్బంటే ఎట్లుండాల సార్? చేతులెన్ని?"

"మబ్బుకు చేతులుండవయ్యా."

"వాహనం?"

"అదీ ఉండదు."

"చేతుల్లేక, వాహనం లేక, ఎవురు మొక్కుతారు సార్ దానికి?"

"మొక్కేదానికి కాదు. పిల్లలకు పాఠం చెప్పేదానికి."

వీరాచారి సరేనన్నాడు గానీ ఆయన చేతులు సరేననలేదు. పైగా తొందర. ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోని నంది ఒకటి తల చెక్కకముందే ఆగిపోయి షెడ్డులో పడి ఉంది. దాన్నే గుండ్రంగా సరిచేసి మబ్బు అన్నాడు. మూపురం మాత్రం పోలేదు. సముద్రం కావాలంటే తామర రేకుల పీఠం చెక్కాడు, ఎందుకంటే ఆయన ఎరిగిన నీళ్లలో తామరలుంటాయి. నీటి ఆవిరి పైకి పోతుందని చూపించడానికి మూడు బాణం గుర్తులు కావాలన్నారు. మూడూ వేరువేరుగా చెక్కితే విరిగిపోతాయని ఒకే కాడకు కలిపి చెక్కాడు. చూసినవాళ్లు దాన్ని బాణాలనరు. ఏమంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

లారీ మీద రాయి వచ్చింది, వెంట క్రేను వచ్చింది, చూడడానికి ఊరు వచ్చింది. అప్పుడు తెలిసింది, బడి నేల నల్లరేగడి అని. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు బురదై, అంత బరువు పెడితే క్రమంగా లోపలికి కుంగిపోయే నేల. ఇంజనీరు గారు ఆవరణంతా తిరిగి, కాలితో తన్ని తన్ని చూసి, ఒక్కచోట మాత్రం గట్టిగా ఉందన్నారు. అది చేతిపంపు చుట్టూ ఉన్న సిమెంటు గచ్చు.

సలోమి టీచరు పరుగున వచ్చి పంపుకు అడ్డంగా నిలబడ్డారు. "దీన్ని పీకేస్తే పిల్లోళ్లు యాడ తాగాల సార్? వంట దేంతో చేయాల?"

"తాత్కాలికమే మేడమ్" అన్నారు జయంత్ గారు. 'తాత్కాలికం' అన్న మాట మన ఆఫీసుల్లో ఎంత కాలం నడుస్తుందో సర్వీసులో ఉన్నవాళ్లకు తెలుసు. పంపు పీకారు. బోరు గుంతలో కాంక్రీటు పోసి పూడ్చారు. దాని మీద రాతి సముద్రం, సముద్రం మీద స్తంభం, స్తంభం మీద మబ్బు, పక్కన మీసాల సూర్యుడు వెలిశారు. పంపు పిడిని ఎవరూ ఎత్తుకుపోకుండా మండలాఫీసులో భద్రపరిచారు. ఆ విధంగా నీళ్లు వచ్చే చోట జలచక్రం నిలబడింది.

ఆ రోజు నుంచి రామేశ్వరమ్మ రోడ్డు దాటి, ఎవరి చేలో మోటారు తిరుగుతుంటే అక్కడికి పోయి, వంటకు నీళ్లు మోసుకొచ్చింది. పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకున్నారు. మధ్యాహ్నానికి సీసాలు ఖాళీ. అక్షయ మాత్రం ఖాళీ కాకుండా చూసుకునేది. డాక్టరు తాగమన్నాడని టీచరు గుర్తు చేస్తే, పెదాలు తడుపుకుని మూత పెట్టేది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మబ్బు లోపలి నుంచి గొట్టం వేసి, గోడ వెనక ట్యాంకరు నిలబెట్టి, మీట నొక్కితే వాన కురిసే ఏర్పాటు చేశారు. నంద్యాల నుంచి వచ్చిన ముఖ్య అతిథి గారు సుదీర్ఘంగా ప్రసంగించారు. "చిన్నారులారా! నీరు ఎక్కడికీ పోదు. మనం వాడిన నీరే మళ్లీ మన దగ్గరికి వస్తుంది. కాబట్టి నీరు లేదని ఎవరైనా అంటే అది అవగాహన లేకపోవడమే తప్ప మరొకటి కాదు. నీరు ఉంది! ఎక్కడో ఒకచోట ఉంది!" అన్నారు. ఆయన మాట నిజమే. గోడ వెనక ఉంది.

మీట నొక్కారు. పిల్లలు వరసగా నిలబడి 'బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం' అని ముక్తకంఠంతో చెప్పాలి. వారం రోజులు తర్ఫీదు ఇచ్చారు. మొదటి మాట దగ్గరే వరస చెదిరింది. పిల్లలందరూ సీసాలు, పళ్లేలు పట్టుకుని మబ్బు కిందికి ఉరికారు. రామేశ్వరమ్మ బిందెలతో వాళ్లను తోసుకుంటూ వచ్చింది. అక్షయ తల పైకెత్తి, నోరు తెరిచి, కళ్లు మూసుకుని నిలబడింది. ఆ పిల్ల అట్లా తాగడం చూసి సలోమి టీచరు ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఇదంతా కార్యక్రమంలో భాగమే అనుకున్న ముఖ్య అతిథి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిల్లలు జలచక్రంలో ఇంతగా లీనమవడం తన సర్వీసులో చూడలేదన్నారు. ఫొటోలు తీసుకున్నాక మీట ఆపేశారు. ట్యాంకరు ఆ ఒక్క రోజుకే మంజూరైంది.

కథ ఇక్కడ ఆగితే మన ఊళ్లను మనమే తక్కువ చేసుకున్నట్టు. అదే వారం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ఆళ్లగడ్డ చుట్టుపక్కల కుండపోత కురిసింది. వాయుగుండం సంగతి టీవీలో చెప్పారు. కానీ తెల్లారేసరికి రాతి మబ్బు మూపురానికి ఎవరో పసుపు పూసి కుంకుమ పెట్టారు. మూపురం ఉంది, తామర పీఠం ఉంది, ఆ మూడు మొనల బాణం ఉంది, వాన కూడా కురిసింది. ఇన్ని ఉన్నాక దేవుడు కావడానికి ఆ రాయికి ఇంకేం తక్కువ? మబ్బయ్య స్వామి అన్న పేరు ఎవరు పెట్టారో గానీ రెండో వారానికి బండి ఆత్మకూరు నుంచి, ప్యాపిలి నుంచి ఆటోలు కట్టుకుని రావడం మొదలైంది. సత్యనారాయణ శెట్టి గారి ఆనందానికి అంతులేదు. తండ్రి గారికి కూడా హారతి అందుతోంది.

చట్టప్రకారం మాత్రం మబ్బయ్య స్వామి ఇప్పటికీ బోధనోపకరణమే. బడి స్టాకులో ఉన్నాడు. అందువల్ల కొబ్బరి పెంకులు ఊడ్పించే బాధ్యత హెడ్మాస్టరుది. శుక్రవారం పూట గంటల మోతలో పాఠం వినిపించడం లేదని సలోమి టీచరు రాస్తే, బోధనోపకరణం పట్ల తగిన ఆసక్తి చూపడం లేదని ఆమెకే మెమో వచ్చింది.

ఇక భక్తులన్నాక కాళ్లు కడుక్కోవాలి. శెట్టి గారి అధ్యక్షతన కమిటీ పడింది. కమిటీ పడిన వారంలోనే బోరు లారీ వచ్చింది. పంపుకు రెండు పైపులు దించడానికి ఏ శాఖ అని అడిగిన వాళ్లెవరూ ఇప్పుడు శాఖ అడగలేదు. అనుమతులు వాటంతట అవే నడిచొచ్చాయి. పూడ్చేసిన పంపుకు పది అడుగుల దూరంలో బోరు వేస్తే నీళ్లు చిమ్మాయి. మబ్బయ్య మహిమ అని అందరూ చెంపలు వేసుకున్నారు. ఆ భూమిలో ఆ నీళ్లు ఉన్నాయని సలోమి టీచరు ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నారు, ఆమె చెప్పడంలో మహిమ లేదు. మోటారు బిగించారు, ట్యాంకు కట్టారు, వరసగా స్టీలు కొళాయిలు పెట్టారు. కింద జారకుండా గరుకు బండలు పరిచారు. ఏ మాట కా మాట, పని మాత్రం చక్కగా చేశారు.

సలోమి టీచరు శెట్టి గారిని కలిశారు. "అన్నా, పిల్లోళ్లు ఆ కొళాయిల కాడ నీళ్లు పట్టుకుంటారు. బాత్రూముకు ఒక పైపు ఇప్పించండి."

"అయ్యో, ఏంది టీచరమ్మా ఆ మాట! పిల్లోళ్లంటే దేవుళ్లు గదా. తాగనీ, వద్దనేదెవురు? కోడిగుడ్డు తిన్న పళ్లేలు మాత్తరం ఆడ కడగొద్దు. గుడ్డు తిన్న చేతుల్తో కొళాయి ముట్టొద్దు. బాత్రూముకు స్వామి నీళ్లు ఎట్ల ఇస్తాం, నువ్వే చెప్పు. ఇంగ..." అని ఆగి, శెట్టి గారు పౌలు వాళ్లుండే చర్చి వీధి వైపు ఒకసారి చూశారు. "కొన్ని పద్ధతులుంటాయి టీచరమ్మా. నీకు తెల్దని కాదు."

"తెలుసన్నా" అన్నారు సలోమి టీచరు. "చిన్నప్పటి నుంచి తెలుసు."

జయంత్ గారు ఉభయులకూ నొప్పి లేకుండా సర్దుబాటు చేశారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టడం ప్రభుత్వ ఆదేశం, మానకూడదు. గుడ్డు తిన్నవాళ్లు కొళాయి ముట్టడం భక్తుల మనోభావాల విషయం, ముట్టకూడదు. కాబట్టి పిల్లలు అన్నం తినకముందే నీళ్లు తాగేసి, తిన్నాక తాగకుండా ఇంటికి పోవడం ఆరోగ్యానికి మంచిదని ఒక సలహా జారీ చేశారు. చర్చి వీధి పిల్లల గురించి ఆ సలహాలో ఒక్క ముక్క కూడా లేదు. అటువంటి సంగతులు మనం కాగితం మీద పెట్టం. కాగితం మీద అందరూ సమానమే.

అయినా సలోమి టీచరు పిల్లలను వెంటబెట్టుకుని రోజూ కొళాయిల దగ్గరికి తీసుకెళ్లారు. తాను పక్కన నిలబడి తాగించారు. ఎవరూ ఏమీ అనలేదు. టీచరుతో ఎవరు పెట్టుకుంటారు? అక్షయ నొప్పి తగ్గింది. పౌలు బడి దగ్గరికి వచ్చి, "పాప ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతాంది టీచరమ్మా" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట విని ఆమె ఎంత సంతోషించారో మెమోలు ఇచ్చేవాళ్లకు అర్థం కాదు.

ఆ మర్నాడే సలోమి టీచరుకు నంద్యాలలో జలచక్ర బోధనపై మూడు రోజుల శిక్షణ పడింది. రెండో టీచరు లోపల పాఠం చెబుతున్నారు. శుక్రవారం, భక్తులు కిటకిటలాడుతున్నారు. అక్షయ ఒక్కతే సీసా పట్టుకుని కొళాయి దగ్గరికి వచ్చింది. పట్టుకుని తాగుతుండగా నంద్యాల నుంచి కారులో వచ్చిన వరలక్ష్మి గారు వెనక నిలబడ్డారు.

"తాగమ్మా, నిదానంగా తాగు" అన్నారు ఆవిడ ప్రేమగా. "ఎవరి పాపవు?"

"పౌలు కూతుర్ని."

"యాడుంటారు?"

"చర్చి వీదిలో."

వరలక్ష్మి గారు చాలా మంచి మనిషి. ఈ మాట నేను వెటకారంగా అనడం లేదు. పిల్లను ఒక్క మాట అనలేదు, కసురుకోలేదు, ముఖం కూడా చిట్లించలేదు. బాగా చదువుకోమ్మా అని చెప్పి, సంచిలోంచి అరటిపండు తీసి, పైనుంచి ఆ పిల్ల దోసిట్లోకి వదిలారు. తర్వాత చెంబులోని పసుపు నీళ్లు కొళాయి మీద ధారగా పోసి, కొంగు తడవకుండా పట్టుకుని, ఆ పిల్ల పట్టుకున్న చోటు శుభ్రంగా తోమి కడిగి, అప్పుడు తన చెంబు నింపుకున్నారు. అక్షయ మర్యాదగా పక్కకు జరిగి, అరటిపండు పట్టుకుని, అంతా అయిపోయేదాకా చూసింది. సీసాలో మిగిలిన నీళ్లు అక్కడే మొక్కకు పోసేసి బడిలోకి వెళ్లిపోయింది.

మూడు రోజుల శిక్షణ ముగించుకుని, జలచక్రం గురించి సమస్తం తెలుసుకుని సలోమి టీచరు తిరిగి వచ్చారు. పిల్లలను కొళాయి దగ్గరికి రమ్మంటే అందరూ లేచారు. అక్షయ లేవలేదు. "నాకు దప్పి కాలేదు టీచర్" అంది. ఆ రోజు కాలేదు, మర్నాడు కాలేదు. ఆ వారం చివర మళ్లీ నడుము పట్టుకుని బెంచీ మీద వంగిపోయింది. నాలుగో తరగతి పిల్లకు దప్పిక లేకుండా చేసిన మన ఘనతకు ఏ సమితి వారు బహుమతి ఇస్తారో తెలియదు.

వరలక్ష్మి గారికి పుస్తకాలు చదివే అలవాటుంది. కథలంటే ప్రాణం. ఈ కథ కూడా తప్పక చదువుతారు. జయంత్ గారి దగ్గర నవ్వుతారు, మీసాల సూర్యుడి దగ్గర ఇంట్లో వాళ్లను పిలిచి పైకి చదివి వినిపిస్తారు, అక్షయ దగ్గరికి వచ్చేసరికి కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఆ కొళాయి కడిగినావిడ ఎవరో గానీ ఎంత కఠినాత్మురాలో అనుకుంటారు. మీరూ అదే అనుకుంటున్నారు కదా, అనుకోండి.